నల్లగొండ, పాలమూరు కట్టడాల వెనుక ఆర్కిటెక్ట్ సంస్థల పేర్లు ఎందుకు నిలవలేదు?

క్లుప్తంగా: దక్షిణ తెలంగాణలో పెద్ద కట్టడాల డిజైన్ ఎక్కువగా ప్రభుత్వ శాఖల నుంచో, హైదరాబాద్, చెన్నై సంస్థల నుంచో వస్తుంది. ఇళ్ల డిజైన్‌ను మేస్త్రీ, ప్లాన్ గీసే ఇంజనీరు, వాస్తు చెప్పేవారు తలా కొంత పంచుకున్నారు. చట్టం ‘ఆర్కిటెక్ట్’ అన్న పేరును కాపాడింది కానీ ఆ పనిని ఆర్కిటెక్ట్‌కే కేటాయించలేదు. పైగా ఇద్దరు కలిసి పెట్టుకున్న సంస్థలో ఒకరు పోతే సంస్థ కూడా పోతుంది. స్థానిక సంస్థలు తరాలపాటు నిలవకపోవడానికి మూలాలు వీటిలో ఉన్నాయి.

2023 ఏప్రిల్ 30న హైదరాబాద్‌లో కొత్త సచివాలయం ప్రారంభమైంది. దాని గుమ్మటాల గురించి అప్పుడు ప్రభుత్వం ఇచ్చిన వివరాల్లో వనపర్తి పేరు కూడా ఉంది. నిజామాబాద్ నీలకంఠేశ్వరాలయం, గుజరాత్‌లోని సారంగపూర్ హనుమాన్ మందిరంతో పాటు వనపర్తి సంస్థానం రాజమహళ్ల పోలికలు కూడా అందులో ఉన్నాయని చెప్పారు. డిజైన్ ఇచ్చింది చెన్నైలోని ఆస్కార్, పొన్ని కాన్సెస్సావో దంపతుల సంస్థ.

పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) మహలు రాజధాని భవనానికి ఒక నమూనా అయింది, ఆ నమూనాను డ్రాయింగుగా మార్చే పని మాత్రం చెన్నైకి వెళ్లింది. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు, అంత పెద్ద పనికి అనుభవమున్న సంస్థనే పిలుస్తారు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆలంపురం, పానగల్లు, పిల్లలమర్రి లాంటి కట్టడాలున్న నేల మీద, దేశమంతా ఆనకట్టలు కట్టిన కూలీల జిల్లాల్లో, మూడు తరాలుగా నడుస్తున్న ఒక ఆర్కిటెక్ట్ సంస్థ పేరు చెప్పమంటే ఎందుకు తడుముకోవాల్సి వస్తోంది?

## కట్టించినవారి పేరే కట్టడానికి

ఈ ప్రాంతంలో కట్టడానికి పేరు ఎవరిదన్న లెక్క చాలా పాతది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం ఉంది, నామేశ్వరాలయం ఉంది. మొదటిది రేచెర్ల వంశపు ఎరకసాని పేరు మీద, రెండోది నామిరెడ్డి పేరు మీద వెలిశాయి. శాసనాలు దానం ఇచ్చినవారిని, వారి వంశాన్ని, రాసిచ్చిన భూములను వర్ణిస్తాయి. రాయి చెక్కినవాడు, కొలత వేసినవాడు జనం నోట మిగల్లేదు. నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా లింగం వెనుక ఒక స్తంభపు నీడ కనిపిస్తుంది. దాని గురించి ఎంతో రాశారు, కానీ ఆ లెక్క వేసిన స్థపతి ఎవరో ఆ రాతల్లో కనిపించడు.

అప్పట్లో అంతటా ఇదే పద్ధతి అనుకోవడానికి లేదు. ఆలంపురం నవబ్రహ్మాలయాలు కట్టించిన బాదామి చాళుక్యులే కర్ణాటకలోని పట్టదకల్లులో విరూపాక్షాలయమూ కట్టించారు. అక్కడి శాసనాలు గుండ అనే సూత్రధారిని, అంటే ప్రధాన స్థపతిని, పేరు పెట్టి చెబుతాయి, ఆయనకు దక్కిన బిరుదులూ చెబుతాయి. సర్వసిద్ధి ఆచారి పేరు కూడా అక్కడే ఉంది. అంటే ఎనిమిదో శతాబ్దంలోనే రాజు తలుచుకుంటే రూపశిల్పి పేరు రాయి మీదికి ఎక్కింది. తలుచుకోవడం తక్కువ, అంతే.

సంస్థానాల కాలంలో ఇది ఇంకా గట్టిపడింది. గద్వాల కోట అంటే సోమనాద్రి, కొల్లాపురం అంటే సురభివారు, వనపర్తి అంటే రాజా రామేశ్వరరావులు. ఆ తర్వాతి మలుపు కాస్త విచిత్రంగా ఉంటుంది. గద్వాల కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరుతో డిగ్రీ కళాశాల నడుస్తోంది. వనపర్తి ప్యాలెస్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, దాని పేరులోనూ కృష్ణదేవరాయలనే సంస్థానాధీశుడే ఉన్నారు. జిల్లాల్లో ఇళ్లకు ప్లాన్లు గీసేవారిలో చాలామంది పాలిటెక్నిక్ డిప్లొమాతోనే ఈ పనిలోకి వస్తారు. అలాంటి చదువు ఒక రాజమహలు గదుల్లో సాగుతోంది.

గుడి నిర్మాణంలో మాత్రం పాత వృత్తి బతికే ఉంది. 2022 మార్చి 28న తిరిగి తెరుచుకున్న యాదగిరిగుట్ట ఆలయ పునర్నిర్మాణంలో సినిమా కళాదర్శకుడు ఆనంద్ సాయి ప్రధాన రూపకర్తగా వ్యవహరించారు. ఆగమశాస్త్రం తెలిసిన స్థపతులు, వందలాది శిల్పులు ప్రకాశం జిల్లా గురిజేపల్లి నుంచి తెచ్చిన కృష్ణశిల మీద పనిచేశారు. ఊహాచిత్రం ఒకరిది, శాస్త్ర ప్రమాణం ఇంకొకరిది, ఉలి మరొకరిది. అందుకే ఆ గుడిని ‘డిజైన్ చేసింది ఎవరు’ అని అడిగితే ఒక్క పేరుతో జవాబు రాదు.

## నిజాం కాలం నుంచి: సర్కారు శాఖే డిజైన్ ఆఫీసు

బొంబాయి, మద్రాసుల్లో ప్రైవేటు ఆర్కిటెక్ట్ సంస్థలు పుట్టడానికి అక్కడి వ్యాపారులు కారణం. మిల్లు, బ్యాంకు, బీమా కంపెనీ, సముద్రం వైపు బంగళా వంటి పనులు ఏటా ఇచ్చేవాళ్లుంటే సంస్థ నడుస్తుంది. హైదరాబాద్ రాజ్యంలో పెద్ద పని ఇచ్చేది ఒక్కరే, సర్కారు. 1908 మూసీ వరదల తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ స్టేషన్ లాంటివి గీశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు అధికారులను విదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిపించారు. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది.

ఈ ఏర్పాటులో రూపశిల్పి సర్కారు జీతగాడు, లేదంటే సర్కారు పిలిచిన అతిథి. పని అయ్యాక డ్రాయింగులు శాఖ బీరువాలో ఉంటాయి. అధికారి రిటైరైతే ఆ కుర్చీలో ఇంకొకరు వస్తారు. ప్రైవేటు సంస్థలో అయితే పెద్దాయన దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు పదేళ్లకు భాగస్వామి అవుతాడు, ఆ తర్వాత బోర్డు మీద అతని పేరూ చేరుతుంది. శాఖలో ఆ దారి లేదు. తర్వాత హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువు చెప్పే కళాశాల మొదలైనా, చదువుకున్నవారికి రాజధానిలోనే పని దొరికింది. జిల్లాలకు తిరిగి రావాల్సిన అవసరం పడలేదు.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఈ పద్ధతి పెద్దగా మారలేదు. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నల్లగొండ జిల్లాకు ఒక కొత్త ఊరినే తెచ్చింది. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ, క్వార్టర్లు, గెస్ట్‌హౌస్‌లు ప్రాజెక్టుతో పాటు సర్కారు ఇంజనీరింగ్ శాఖ పనిగానే వచ్చాయి. జిల్లాలో అప్పటిదాకా లేనంత నిర్మాణం జరిగినా, ఒక్క ప్రైవేటు డిజైన్ ఆఫీసుకు వేళ్లూనేంత చోటు అందులో దొరకలేదు.

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అలాంటి అవకాశం ఇంకోటి వచ్చింది. ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ మొదట నాలుగై, 2019లో నారాయణపేటతో ఐదైంది. ప్రతి జిల్లాకూ కలెక్టరేటు, పోలీసు కార్యాలయం కావాలి. భువనగిరి, వనపర్తి, మహబూబ్‌నగర్‌లలో 2022లో, నాగర్‌కర్నూల్, గద్వాల, సూర్యాపేటల్లో 2023లో సమీకృత కలెక్టరేట్లు తెరుచుకున్నాయి. ఆర్కిటెక్ట్ ఉషారెడ్డి ఇచ్చిన నమూనానే కొద్దిపాటి మార్పులతో జిల్లా జిల్లాకూ వాడారు, రోడ్లు భవనాల శాఖ కట్టించింది. ఒకే నమూనా వల్ల ఖర్చు అంచనా, టెండరు, సమయం అన్నీ సులువవుతాయి. కానీ షాబాద్ బండలకు దగ్గరి ఊళ్లకూ, నల్లరేగడి నేలకూ, గ్రానైటు గుట్టల కిందికీ అదే గీత వెళ్తుంది. ఎండ, రాయి, నేల చూసి స్థానిక సంస్థ నేర్చుకోవాల్సిన పాఠం ఏదైనా ఉంటే అది ఈ దఫా కూడా జరగలేదు.

## చట్టం కాపాడింది పేరునే

ఆర్కిటెక్ట్‌ల చట్టం 1972లో వచ్చింది. దాని కింద ఏర్పడిన ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో నమోదైనవారే తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. నమోదు లేకుండా ఆ పేరు వాడటాన్ని 37వ సెక్షన్ నిషేధిస్తుంది. ఓడల డిజైనర్లకు, తోటల డిజైనర్లకు మాత్రం మినహాయింపు ఉంది. నేవల్ ఆర్కిటెక్ట్, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అన్న మాటలు అప్పటికే వాడుకలో ఉన్నాయి కాబట్టి.

మరి భవనం డిజైన్ చేసే పని? దాన్ని ఇతరులు చేయకూడదా? ఈ సందేహం చాలా ఏళ్లు కోర్టుల్లో నలిగింది. నోయిడాలోని ఒక ప్రభుత్వ పోస్టు విషయంలో మొదలైన కేసులో 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తేల్చింది. 37వ సెక్షన్ నిషేధించేది ‘ఆర్కిటెక్ట్’ అన్న హోదాను వాడుకోవడాన్నే, నమోదు లేనివారు ఆ పని చేయడాన్ని కాదు అని చెప్పింది. వైద్యం, న్యాయవాద వృత్తుల్లో హోదాతో పాటు పని కూడా నమోదైనవారికే దక్కుతుంది. ఇక్కడ అలా లేదు. సివిల్ ఇంజనీర్లకైతే ఇలాంటి కేంద్ర చట్టమే లేదు.

దీని ఫలితం నల్లగొండలో క్లాక్ టవర్ చుట్టుపక్కలైనా, మహబూబ్‌నగర్‌లో న్యూటౌన్‌లోనైనా బోర్డులు చదివితే తెలుస్తుంది. ప్లానర్స్, డిజైనర్స్, కన్సల్టెంట్స్, అసోసియేట్స్, ఇంజనీర్స్ అండ్ వాల్యుయర్స్ లాంటి పేర్లే ఎక్కువ. ప్లాను గీస్తారు, ఎలివేషన్ (భవనం ముందువైపు రూపం) చూపిస్తారు, ఎస్టిమేట్ వేస్తారు. ఆర్కిటెక్ట్ అన్న ఒక్క మాట తప్ప మిగతాదంతా ఉంటుంది. చట్టప్రకారం అందులో తప్పు లేదు.

నమోదైన ఆర్కిటెక్ట్‌ల చేతులు ఇంకో వైపు నుంచి కట్టేసి ఉన్నాయి. 1989 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం ఆర్కిటెక్ట్ తన సేవలకు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. తాను డిజైన్ చేసిన భవనం మీద పేరు పెట్టుకోవచ్చు కానీ అక్షరాల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు. అదే భవనం ముందు సిమెంటు కంపెనీ పేరు నిలువెత్తున ఉంటుంది, బిల్డర్ ఫ్లెక్సీ రోడ్డు అడ్డంగా ఉంటుంది. గౌరవం కోసం పెట్టిన నియమం పెద్ద నగరంలో అంతగా నష్టం చేయదు, అక్కడ పని ఒకరి నుంచి ఒకరికి తెలిసిపోతుంది. ఆర్కిటెక్ట్ అవసరమే తెలియని చిన్న పట్టణంలో ఆ అవసరం చెప్పుకునే దారి కూడా ఇది మూసేసింది.

## జిల్లా కేంద్రంలో ఒక ప్లాన్ ఎలా పుడుతుంది

150 గజాల ప్లాటు కొన్న ఒక టీచరు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ముందు వాస్తు చూపిస్తారు. వంటగది ఆగ్నేయంలో, పడకగది నైరుతిలో, బోరు ఈశాన్యంలో, మెట్లు ఎటు తిరగాలి అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. సగం ప్లాన్ అప్పటికే అయిపోయినట్టు. తర్వాత ఇంజనీరు దగ్గరికి వెళ్లి గీయిస్తారు. ఆయన గీసేది వాస్తు చెప్పినదాన్ని, కుటుంబం అడిగిన గదులను, పక్కింటి గోడను కలిపి కుదిర్చే లెక్క. అది తక్కువ నైపుణ్యమేమీ కాదు. ఆ తర్వాత మేస్త్రీ వస్తాడు. పిల్లరు ఎక్కడ, బీము ఎంత లోతు, సజ్జ ఎంత బయటికి అనేవి సైటు మీద అతనితో మాట్లాడుకునే విషయాలు. ఎలివేషన్ కోసం ఫోన్‌లో దొరికిన ఫొటో చూపిస్తారు.

ఇందులో డబ్బు ఎక్కడుందో చూస్తే సంస్థలు ఎందుకు పెరగవో అర్థమవుతుంది. ప్లాన్ ఫీజు చిన్నది, అది కూడా బేరమాడేది. ఆ కాగితం వల్ల ఇల్లు ఎంత చల్లగా ఉంటుంది, ఎంత సిమెంటు మిగులుతుంది అన్నది యజమానికి ముందుగా కనిపించదు. కనిపించేది మున్సిపాలిటీ అనుమతి, బ్యాంకు లోను. కాబట్టి ప్లాన్ గీసేవారికి స్థిరమైన ఆదాయం అనుమతి ఫైలు నడపడం, లోను కోసం ఎస్టిమేట్, వాల్యుయేషన్ రాయడం లాంటి పనుల్లో వస్తుంది. సంతకానికి విలువ ఉంది, గీతకు లేదు.

2020 నవంబర్‌లో మొదలైన టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం ఈ లెక్కను ఇంకొంచెం మార్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే సింగిల్ విండోలో 21 రోజుల గడువు. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గింది, లంచం టెన్షన్ కొంత తగ్గింది. ప్లాను తప్పు అని తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ విధానం తెచ్చిన చట్టంలోనే ఉంది. బాధ్యత యజమాని నెత్తిన పడింది.

జిల్లా పట్టణాల్లో అత్యధిక ఇళ్లు ఈ మొదటి రెండు తరగతుల్లోకే వస్తాయి. అంటే మార్కెట్లో పెద్ద భాగంలో డిజైన్ నిపుణుడి అవసరం కాగితం మీద కూడా పలచబడింది. ఆఫీసుకు ఇచ్చే ప్లాను ఒకటి, మేస్త్రీకి ఇచ్చే ప్లాను ఇంకొకటి ఉండటం ఎవరికీ కొత్త కాదు. ప్రభుత్వం 2015లో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు, 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు పథకాలు తెచ్చిందంటే గీతకూ గోడకూ ఉన్న దూరం ఎంతో ఊహించవచ్చు. గీసినదాన్ని కట్టరని తెలిసినచోట గీయడంలో పేరు తెచ్చుకోవడం కష్టం.

## దస్తావేజు లేని సంస్థ: గుంపు మేస్త్రీ

పాలమూరులో నిర్మాణరంగానికి సొంత సంస్థ లేదనడం పూర్తిగా నిజం కాదు. ఒకటి ఉంది, అది డిజైన్ సంస్థ కాదు. పాలమూరు లేబర్ పేరు ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టేచోటల్లా వినిపిస్తుంది. ఆ వ్యవస్థకు కీలకం గుంపు మేస్త్రీ. కాంట్రాక్టరు అతనికి అడ్వాన్సు ఇస్తాడు. అతను ఊళ్లలో కుటుంబాలకు ఆ డబ్బు పంచి, సీజనుకు ఇంతమందిని పనికి తీసుకెళ్తాడు. తలకింత కమీషను అతనిది. కరువు, సాగునీరు లేకపోవడం, అప్పు ఈ వ్యవస్థను దశాబ్దాలు పోషించాయి. అప్పు తీరేదాకా పని వదలలేని పరిస్థితి, రాని కూలి, సైటు మీద ప్రమాదాలు దాని చీకటి వైపు. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టర్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది ఇలాంటి పరిస్థితుల వల్లే.

సంస్థ అన్న కోణంలోంచి చూస్తే ఒక పోలిక ఉపయోగపడుతుంది. గుంపు మేస్త్రీకి రిజిస్ట్రేషన్ లేదు, దస్తావేజు లేదు, బోర్డు లేదు. అయినా తండ్రి తర్వాత కొడుకు, అన్న తర్వాత తమ్ముడు ఆ పని అందుకున్నారు. ఎందుకంటే అతని ఆస్తి మనుషుల జాబితా, ఊళ్లలో నమ్మకం, కాంట్రాక్టరుతో పరిచయం. ఇవి చుట్టరికంతో పాటు చేతులు మారతాయి. ఆర్కిటెక్ట్ ఆస్తి అతని చెయ్యి, కన్ను, సంతకం. కొడుకు ఐదేళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదివి కౌన్సిల్‌లో నమోదైతే తప్ప అవి దక్కవు. కూలీల సంస్థకు వారసత్వం సులువై, రూపకల్పన సంస్థకు కష్టమైంది. డిజైన్ వైపు పెట్టుబడి పెట్టే స్థోమత ఉన్న మేస్త్రీలు కూడా కాంట్రాక్టర్లుగా, బిల్డర్లుగా మారారే తప్ప డ్రాయింగు బల్ల వైపు రాలేదు.

## ఇద్దరు భాగస్వాములు, ఒక బోర్డు

ఇక అసలు సంస్థల విషయం. క్లాస్‌మేట్లు ఇద్దరు కలిసి ఆఫీసు పెట్టుకోవడం ఈ వృత్తిలో మామూలు. ఒకరు పని తెస్తారు, ఒకరు బల్ల దగ్గర కూర్చుంటారు. రాతకోత లేకుండానే మొదలవుతుంది. అలా మొదలైనప్పుడు వారిద్దరినీ నడిపేది 1932 నాటి భాగస్వామ్య చట్టం.

ఆ చట్టం చెప్పేది సూటిగా ఉంటుంది. వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానం, ఎవరు ఎంత పనిచేశారన్నది లెక్కలోకి రాదు. సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామి సొంత ఆస్తితో సహా బాధ్యుడు. గడువు రాసుకోని భాగస్వామ్యాన్ని ఒకరు నోటీసు ఇచ్చి ముగించవచ్చు. ఒకరు చనిపోతే, ఒప్పందంలో వేరేగా లేకపోతే, సంస్థ రద్దవుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు ఒప్పందం ఉన్నా లాభం లేదు, ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు కదా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ రిజిస్టరు కాని సంస్థ తనకు రావాల్సిన ఫీజు కోసం కోర్టుకు వెళ్లడానికి వీల్లేదు. జిల్లాల్లో ఫీజు బాకీలు మాటతోనే వసూలు కావాలి. మాట పోతే బాకీ కూడా పోతుంది.

భాగస్వాములు విడిపోయేది సాధారణంగా డిజైన్ అభిప్రాయాల మీద కాదు. ఒకరు కాంట్రాక్టు పనిలోకి దిగుతారు, ఎందుకంటే డబ్బు అక్కడుంది. లేదా ఒకరు పిల్లల చదువు కోసం హైదరాబాద్ మారతారు. రెండు గంటల దూరమే కాబట్టి రోజూ వచ్చిపోతానంటారు, కొన్నాళ్లకు క్లయింట్లే హైదరాబాద్‌కు వెళ్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు రాజధాని 100 కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉండటం ఇక్కడ కీడు చేసింది. పెద్ద పని ఇచ్చే స్థోమత ఉన్నవారు నేరుగా అక్కడికే వెళ్తారు, స్థానిక సంస్థకు మిగిలేవి చిన్న ఇళ్లు.

ఎక్కువ కాలం నిలిచిన సంస్థలు ఈ ప్రమాదాన్ని ఎలా దాటాయో రెండు ఉదాహరణలు చెబుతాయి. బొంబాయిలో గ్రెగ్సన్, బాట్లీ అండ్ కింగ్ అనే సంస్థ ముగ్గురు భాగస్వాముల పేర్లతో నిలబడింది. అందులో క్లాడ్ బాట్లీ అక్కడి జేజే స్కూల్లో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పేవారు, బొంబాయిలో జిన్నా ఇల్లు గీసింది ఆయనే. పాఠశాల నుంచి ఆఫీసుకు కొత్తవారు వచ్చే దారి అలా ఏర్పడింది. స్థాపకులు పోయినా వారి పేర్లు బోర్డు మీద మిగిలాయి, లోపల భాగస్వాములు మారారు. మద్రాసులో ఎల్.ఎం. చితాలే 1932లో మొదలుపెట్టిన సంస్థ ఇంకో దారి పట్టింది. తర్వాతి తరాలు అదే వృత్తిలోకి వచ్చి ‘చితాలే అండ్ సన్’గా కొనసాగించాయి. ఒకచోట స్కూలు, ఒకచోట కుటుంబం ఆధారం. రెండుచోట్లా బ్యాంకులు, కంపెనీలు, సంస్థల పనులు ఆగకుండా వచ్చాయి. పని ఆగితే ఏ దస్తావేజూ సంస్థను నిలబెట్టదు.

2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం వచ్చాక సంస్థకు భాగస్వాముల నుంచి వేరుగా ఉనికి వచ్చే వీలు కలిగింది. భాగస్వామి పోయినా సంస్థ ఉంటుంది. అయితే ఏటా లెక్కలు దాఖలు చేయాలి, ఆలస్యమైతే జరిమానా కట్టాలి. నెలకు నాలుగు ప్లాన్లు వచ్చే ఆఫీసుకు ఆడిటరు ఫీజే బరువు. అందుకే చిన్న ఆఫీసులు ఎక్కువగా ఒక్కరి పేరు మీదే నడుస్తాయి, రెండో వ్యక్తి జీతానికో, వాటాకో నోటిమాట మీద ఉంటాడు.

## డ్రాయింగులు ఎవరివి, ఎక్కడున్నాయి

సంస్థ చరిత్ర రాయాలంటే డ్రాయింగులు కావాలి. భవనం డిజైన్ కాపీరైట్ చట్టం 1957 కింద కళాకృతే. హక్కు మొదట గీసినవారిది, వారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. కానీ ఈ హక్కు చాలా బలహీనమైనది. డిజైన్ కాపీ కొట్టి కట్టడం ఒకసారి మొదలయ్యాక, దాన్ని ఆపమనిగానీ కూల్చమనిగానీ అడగడానికి 59వ సెక్షన్ ఒప్పుకోదు, నష్టపరిహారం అడగాల్సిందే. కూల్చివేత విషయంలో ఇంకా కష్టం. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చినప్పుడు దాని ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్ కోర్టుకు వెళ్లారు. స్థల యజమాని హక్కు ముందు ఆర్కిటెక్ట్ నైతిక హక్కు నిలవదని ఢిల్లీ హైకోర్టు 2019లో చెప్పింది. అంత పేరున్నవారికే అలా అయితే, సూర్యాపేటలో ఒక సినిమా హాలు గీసిన మనిషి ఎంతవరకు అడగగలడు?

జిల్లాల్లో ఈ హక్కు మాట అసలు రాదు. ట్రేసింగ్ కాగితాలు ఆఫీసు మారినప్పుడు పోయాయి, కంప్యూటర్ ఫైళ్లు హార్డ్‌డిస్కుతో పాటు పోయాయి. మిగిలేది మున్సిపాలిటీ రికార్డులోని అనుమతి నకలు, యజమాని బీరువాలో లోను కాగితాల మధ్య ఒక ప్లాను. 1970, 80ల్లో పట్టణాల్లో వచ్చిన లాడ్జీలు, సినిమా హాళ్లు, నర్సింగ్‌హోమ్‌లు, కల్యాణమండపాల రూపాన్ని తేల్చింది ఎవరో తెలుసుకునే ఆధారాలు అలా చెదిరిపోయాయి. వాటి స్థానంలో ఇప్పుడు షాపింగ్ కాంప్లెక్సులు లేస్తున్నాయి.

## ఇకముందు

రెండు శక్తులు ఎదురెదురుగా పనిచేస్తున్నాయి. ఒకటి స్థానిక ఆఫీసును ఇంకా పలచన చేసేది. ప్లాన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఎలివేషన్ ఎక్కడో కూర్చుని గీసి వాట్సాప్‌లో పంపుతారు, అనుమతుల వ్యవస్థ కూడా 2025 నుంచి బిల్డ్‌నౌ పేరుతో డ్రాయింగును సాఫ్ట్‌వేరే సరిచూసే దిశలో కదులుతోంది. ఫైలు నడపడం మీద బతికే ఆఫీసుకు ఇది నేరుగా దెబ్బ.

రెండోది పట్టణం పైకి ఎదగడం. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. 65వ, 44వ జాతీయ రహదారుల పక్కన ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, కాలేజీలు పెరుగుతున్నాయి. 10 మీటర్ల ఎత్తు దాటిన భవనం స్వీయ ధ్రువీకరణతో అయిపోదు. ఫైర్, పార్కింగ్, స్ట్రక్చర్ లెక్కలు అన్నీ పరిశీలనకు వస్తాయి. ఆ ఫైలు మీద ఒక్కరి సంతకం సరిపోదు కాబట్టి ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీరు కలిసి కూర్చోవాల్సిన అవసరం మొదటిసారి జిల్లా స్థాయిలో వ్యాపార అవసరంగా మారుతోంది. ప్రస్తుతం అలాంటి ఫైళ్లు హైదరాబాద్ ఆఫీసులకు వెళ్లడానికి ఫీజు తేడా ముఖ్య కారణం కాదు. అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజనీరు సైటుకు అందుబాటులో లేకపోవడం అసలు ఇబ్బంది. నల్లగొండలోనో, పాలమూరులోనో ఇద్దరు ముగ్గురు ఆర్కిటెక్ట్‌లు అలాంటి ఇంజనీరును తమ దగ్గర నిలుపుకోగలిగితే, ఐదారు అంతస్తుల ఆసుపత్రి పనితో మొదలుపెట్టి సంస్థగా నిలదొక్కుకునే వీలుంది.